బడికీ ఓ కమిటీ వేయండి!

2047 నాటికి తెలంగాణది మూడు ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అవుతుందని 2025 డిసెంబర్‌లో సర్కారు దార్శనిక పత్రం విడుదల చేసింది. అంత డబ్బున్న రాష్ట్రంలో బడి ఎట్లుంటుందో చెప్పడానికి మేధావులు పోటీ పడుతున్నారు. గోడంత తెర, పిల్లవాడికో ట్యాబ్, ట్యాబ్‌కో కృత్రిమ మేధ గురువు! వినడానికి బాగుంది. కానీ మా నిజామాబాద్ వాళ్లకు అంత ఊహాశక్తి అక్కర్లేదు. సర్కారు బడి భవిష్యత్తు చూడాలంటే బోధన్ బస్సెక్కి శక్కర్‌నగర్‌లో దిగితే చాలు.

1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అక్కడే ఉంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరకు, గేటు ముందు బండ్ల బారులు. తర్వాతి కథ ఈ జిల్లాలో పిల్లవాడైనా ఒప్పజెప్తాడు. ముందు పట్టించుకోవడం మానేశారు. తర్వాత నష్టాల్లో ఉందన్నారు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతిలో పెట్టారు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని తాళమేశారు. తెరిపించడానికి 2024లో కమిటీ వేశారు. మిల్లు ఆడకపోయినా, ఎన్నికలొస్తే హామీల క్రషింగ్ మాత్రం ఏ సీజన్‌లోనూ ఆగలేదు.

సర్కారు బడి కూడా ఇదే రూట్లో నడుస్తోంది. కాకపోతే తాళం తెరిపించే కమిటీ స్టేజీ ఇంకా రాలేదు.

నమ్మకపోతే కేంద్రం వారి యూడైస్ లెక్క చూడండి. 2024-25లో తెలంగాణలో ఒక్క పిల్లవాడూ చేరని బడులు 2,245. వాటికి టీచర్లు 1,016 మంది. అంటే పిల్లలే లేని బడికి కూడా సగం సారే దక్కాడన్నమాట! ఆలోచిస్తే ఇంతకన్నా ఆధునికమైన బడి ప్రపంచంలో ఉండదు. డ్రాపౌట్లు సున్నా, ఫెయిలైనవాళ్లు సున్నా, మధ్యాహ్న భోజనంలో పురుగొచ్చిందన్న ఫిర్యాదులు సున్నా. ఆ సార్లను డిప్యుటేషన్ మీద ఇంకో బడికి పంపుతారు లెండి. అక్కడా ఒక్కరే దిక్కు. ఐదు తరగతులు, ఒకటే నోరు.

1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు అని ఒక పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఆనాటి భవిష్యత్తు అంతే, పాపం! దాదాపు నలభై ఏళ్లకు లెక్క తీస్తే దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా తేలాయి. రెండో సారు రాలేదు గానీ, ఆయన బదులు చాలా వచ్చాయి. 2004లో ఆకాశం నుంచి పాఠం చెప్పడానికి ఎడ్యుశాట్ వచ్చింది. 2016లో డిజిటల్ క్లాసులొచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో టీవీ పాఠాలు, 2023లో ముఖం చూసి హాజరేసే యాప్, 2025లో ఏఐ. ప్రతిదానికీ రిబ్బన్ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు. సారును వేస్తే ముప్పై ఏళ్లు జీతమివ్వాలి, ఆపై రిటైర్మెంటు బెనిఫిట్లు. డబ్బాకు ఒక్క టెండరు చాలు.

ఆ యాప్ మహిమ కళ్లకు కట్టాలంటే వర్ణి వైపు ఏదో ఒక ఊళ్లో ఒంటరి సారును ఊహించుకోండి. పొద్దున తొమ్మిదింటికి ఫోను పట్టుకొని వరండాలో నిలబడతాడు. 'తలెత్తురా, కదలకు.' ఫోను ఆలోచిస్తుంది. నెట్‌వర్క్ వస్తలేదు. వేపచెట్టు కిందికి వెళ్తాడు, పిల్లలు వెంట వెళ్తారు. తిరుపతి పోయి గుండు కొట్టించుకొని వచ్చినవాణ్ని ఫోను గుర్తుపట్టదు. వాడు తుమ్మితే చాలు, ఎవడో వెనక్కి తిరక్కుండానే చెప్పగలడు సారు. అయినా సారు మాట చెల్లదు, ఫోను మాటే చెల్లుతుంది. అది అయ్యేసరికి గుడ్ల లెక్క, బియ్యం లెక్క, ఇంకో యాప్, ఇంకో ఓటీపీ. పాఠానికి మాత్రం ఇంకా యాప్ రాలేదు కాబట్టి అది ఆగుతుంది.

ఏఐ చెడ్డదని కాదు. మన దగ్గర ముందు 36 బడుల్లో మొదలుపెట్టారు. వెనకబడ్డ పిల్లలకు తెలుగు, లెక్కలు నేర్పితే సంతోషమే. ఒక బాలికకు ఒత్తులు రావడం లేదని అది ఠక్కున పట్టేస్తుంది. ఆ పిల్ల రాత్రి పదింటిదాకా బీడీలు చుట్టే అమ్మ చాట పక్కన కూచొని తునికాకు కత్తిరించిందని దానికి ఎవరు చెప్పాలి? అమ్మకు మాత్రం లెక్క బాగా తెలుసు. ప్రైవేటు బడి ఫీజు రూపాయల్లో కాదు, బీడీల్లో లెక్కగడుతుంది. ఇన్ని వేలు చుడితే ఒక టర్మ్, ఇంకిన్ని చుడితే బస్సు. సర్కారు బడి గేటు ముందు నుంచే ఆ పసుపు బస్సు పోతుంది. పసుపు పండే జిల్లా కదా, ఇక్కడ ఏ సీజన్‌లోనూ ధర తగ్గని పసుపు అదొక్కటే!

భవిష్యత్తు బడి గురించి ఐజాక్ అసిమోవ్ 1951లోనే ఒక కథ రాశాడు. 2157లో జరుగుతుంది. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి పిల్లలు ఏళ్లపాటు చదువుకున్నారు దాన్ని. ఇంట్లోనే యంత్రం పాఠం చెబుతుంది, తోటి పిల్లలుండరు, మనిషి టీచరుండడు. కానీ అన్నిటికన్నా నమ్మశక్యం కాని కల్పన ఇంకొకటుంది. యంత్రం సరిగా పనిచేయకపోతే ఇన్‌స్పెక్టరు పనిముట్ల పెట్టె పట్టుకొని ఇంటికొచ్చి బాగుచేసి పోతాడు! సైన్స్ ఫిక్షన్ అంటే అదీ. మన దగ్గర ఆయన వచ్చేది యంత్రం ఉందా, పోయిందా అని స్టాక్ రిజిస్టర్ చూడ్డానికి.

సరే, ఏం చేద్దాం? శక్కర్‌నగర్ నేర్పిన పాఠం ఒకటుంది: తాళం పడ్డాక వేసే కమిటీ గేటు తుప్పును కొలవడానికే పనికొస్తుంది. కాబట్టి వేసేదేదో ఇప్పుడే వేయాలి. వేయాల్సింది సర్కారు కాదు, మనం.

మనమే వేసే పద్ధతి ఈ జిల్లాకు కొత్తది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర అడిగి అడిగి విసిగి, నేరుగా నామినేషన్లు వేశారు. నూట డెబ్బై మందికి పైగా రైతులు, మొత్తం 185 మంది అభ్యర్థులు. ఎన్నికల సంఘం పోలింగ్ కేంద్రానికి పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సొచ్చింది. పసుపు బోర్డు తెస్తానని ఓ పార్టీ అభ్యర్థి బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ఎన్నిక అదే. ఐదు రోజుల్లో అన్నది ఆరేళ్లు పట్టింది గానీ, 2025లో బోర్డయితే వచ్చింది. టెక్నాలజీ అంటే అదీ. కనిపెట్టింది ఆర్మూరు, బాల్కొండ రైతులు, పేటెంటు కూడా అడగలేదు.

ధర కోసం రైతు నిలబడ్డప్పుడు, సారు కోసం తల్లి ఎందుకు నిలబడకూడదు? తరగతికో టీచరు కావాలని ఊరికొక్కరు నామినేషన్ వేయండి. బాండ్ పేపర్లు నాయకులే పట్టుకొస్తారు. పిల్లల ముఖాలు గుర్తుపట్టడానికి సర్కారుకు యాప్ కావాలి గానీ, నామినేషన్ పత్రాలతో కలెక్టరేటు ముందు బారులు తీరిన అమ్మల ముఖాలను ఏ నాయకుడైనా నెట్‌వర్క్ లేకుండానే గుర్తుపడతాడు.