మనోళ్లేనా?

దాచేపల్లి జనానికి దయ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఏ బండి బోల్తాపడ్డా చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టి పరుగెత్తేది మనమే. సగం దూరంలోనే "అయ్యో పాపం" అనేస్తాం. దగ్గరికెళ్లాక అడగాల్సింది అడుగుతాం: "యాడోళ్లు? మనోళ్లేనా?"

కాదని తేలితే వెనక్కొస్తాం. టీ చల్లారిపోయిందని కొట్టాయన మీద విసుక్కుంటాం.

మిరప పండించే నేల కదా, ప్రతిదానికీ గ్రేడు కట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. గుంటూరు యార్డులో తేజకో రేటు, 341కో రేటు, తాలుకాయకో రేటు ఉన్నట్టే చావులకూ ఉన్నాయి. మన ఊరు, మన కులం, మన పార్టీ మూడూ కుదిరితే అది తేజ. ఫ్లెక్సీ లేస్తుంది, కొవ్వొత్తులు వెలుగుతాయి, నాయకుడు వచ్చి భుజం తడతాడు. ఊరు మనదే గానీ కులం వేరైతే మధ్యరకం. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మతో సరి. ఎక్కడినుంచో కోతకొచ్చిన కూలోళ్లయితే తాలు. తాలుకాయకైనా యార్డులో కొనేవాడు దొరుకుతాడు లెండి.

2023 మే 17న మన దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర జరిగింది గుర్తుందా? నల్గొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి ఆడకూలీలు పొద్దున్నే కృష్ణ దాటి గురజాల వైపు మిరప కోతకు బయల్దేరారు. ఒక్క ఆటోలో ఇరవై మందికి పైగా. పెద్ద బండి వచ్చి గుద్దింది. పనికి బయల్దేరిన ఆడవాళ్లు రోడ్డుమీదే ప్రాణాలు విడిచారు.

అలాంటి వార్త మన బల్లమీదకొస్తే మాట ఎలా నడుస్తుందో చూడండి.

"ఎంతమందెక్కారంట మామా?"

"ఇరవైకి పైనే."

"అంతమందెక్కితే చావక ఏమవుద్ది!"

తీర్పు అయిపోయింది. వాయిదాలు లేవు, వకీళ్లు లేరు. ముగ్గురెక్కే బండిలో అంతమంది ఎందుకు ఇరుక్కున్నారని మాత్రం బల్ల చుట్టూ ఒక్కరూ అడగరు. కిరాయి కూలిలోంచే పోవాలి, తలా కాస్త పంచుకుంటేనే సాయంత్రానికి చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. వాళ్లు కోయాల్సిన కాయ మన కల్లంలోకే వచ్చేది. ఆ లెక్కలోకి మాత్రం మనం వెళ్లం.

"ఎక్స్‌గ్రేషియా ఏమన్నా వస్తదా?"

"లచ్చల్లో వస్తదంట."

"అట్టయితే అదృష్టవంతులే."

ఇంకో చిక్కుంది. పోయినవాళ్లు తెలంగాణ, పోయింది ఆంధ్రాలో. మరి ఏడవాల్సింది ఎవరు? రాష్ట్రాన్ని విడదీసిన 2014 చట్టంలో తొమ్మిదో షెడ్యూలు సంస్థలు, పదో షెడ్యూలు సంస్థలు అని జాబితాలు రాశారు గానీ కన్నీళ్లు ఏ షెడ్యూల్లో పడతాయో రాయలేదు. రాయనిదాన్ని మనమెందుకు నెత్తికెత్తుకోవాలి?

అలాగని "మనోళ్లు" అయితే చాలు, ఢోకా లేదనుకునేరు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు మూతబడి, హైదరాబాదు పోలీసులిచ్చిన ఎన్‌ఓసీ కాగితాలు పట్టుకుని ఇదే పొందుగుల సరిహద్దుకు వందలమంది వచ్చి ఇరుక్కుపోయారు. అచ్చంగా మన పిల్లలే. సంక్రాంతికొస్తే అరిసెలు పెట్టి పంపిన పిల్లలే. ఆపినవాళ్లకు ఆపడానికి కారణముంది, రోగమూ ఉత్తదేం కాదు. కానీ ఊళ్లలో మనం అన్న మాటలకు ఏం కారణముంది? "వచ్చి మనకంటిస్తారా?" తేజ ఒక్క రాత్రిలో తాలైపోయింది.

ఇది రాయకపోతే అన్యాయమవుతుంది: ఇదే ఊరు 2018 మేలో ఒక పసిపిల్ల మీద జరిగిన అఘాయిత్యానికి రగిలిపోయింది. జనం ఇళ్లలోంచి వచ్చి ఇదే రోడ్డుమీద బైఠాయించారు. బండ్లు ఆగిపోయాయి. కాబట్టి మనకు గుండె లేదనేది అబద్ధం. ఉంది, బ్రహ్మాండంగా కొట్టుకుంటుంది. ఆధార్ కార్డు చూసి కొట్టుకుంటుంది, అంతే.

ఈ ఘనత మనొక్కరిదే అనుకుంటే విశాఖ వాళ్లు నొచ్చుకుంటారు. 2017 అక్టోబరులో అక్కడ పట్టపగలు, ఫుట్‌పాత్ మీద, ఒక నిస్సహాయురాలిపై అత్యాచారం జరుగుతుంటే జనం పక్కనుంచి నడిచిపోయారు. ఒకాయన ఫోన్లో తీశాడు. ఆ వీడియో తర్వాత పోలీసులకు పనికొచ్చింది నిజమే, ఆ సమయంలో ఆమెకు మాత్రం పనికి రాలేదు. 1964లో న్యూయార్క్‌లో ఓ యువతిని పొడిచి చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి పెద్ద పత్రిక రాస్తే ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. అది గోరంతను కొండంత చేసి రాసిన కథనమని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. అమెరికావాడు అతిశయోక్తి కలిపి చెప్పుకున్నదాన్ని మనం కల్తీ లేకుండా సాధించాం.

పరుగెత్తే ఓపిక లేక కూడా కాదు. 2023 జూన్‌లో అనకాపల్లి దగ్గర బీరు కేసుల వ్యాను బోల్తాపడితే ఎంత చురుగ్గా కదిలారు! ఒక్కొక్కరు ఎన్ని మోశారు! సీసాని ఏ కులమని ఎవరూ అడగలేదు.

పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయమంటారు. అది పాత సాకు. సాయం చేసినవాణ్ణి వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా రక్షణ కూడా వచ్చింది. ఖర్చు అంటారా, క్షతగాత్రుణ్ణి తొలి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం 2021లో 5,000 రూపాయలు ప్రకటించింది, 2025లో దాన్ని 25,000 చేసింది. మనకర్థమయ్యే లెక్కలో చెప్తాను: అదే 2025లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు ప్రకటించిన మార్కెట్ జోక్యపు ధర 11,781 రూపాయలు. అంటే ఒక ప్రాణం రెండు క్వింటాళ్ల పైమాటే. ఎరువుల్లేవు, మందు కొట్టే పని లేదు, నల్ల తామరపురుగు బెడద లేదు, యార్డులో కమీషన్ కోత లేదు. ఇంత లాభసాటి పంట పల్నాడులో ఇంకోటి చూపించండి.

"108కి ఎవరో చేసే ఉంటార్లే" అని మాత్రం అనుకోకండి. పక్కనున్న పదిమందీ అదే అనుకుంటున్నారు. ఎలాగూ ఫోను చేతిలోనే ఉంది, కెమెరా తెరవకముందు ఆ మూడంకెలు నొక్కండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. అవతలివాళ్లు మొదట అడిగేది ఎక్కడ అని. పొందుగుల అని చెప్పండి చాలు.