గడి మారింది, బొమ్మ మారలేదు

మా ఎమ్మెల్యే ఎక్కడికీ పోలేదట. పోయారనడానికి సాక్ష్యం లేదట. బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్‌లోకి ఫిరాయించారంటూ ఐదుగురు ఎమ్మెల్యేలపై వేసిన అనర్హత పిటిషన్లను 2025 డిసెంబర్ 17న తెలంగాణ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారు కొట్టేశారు. అందులో మా గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్ రెడ్డి గారి పేరూ ఉంది. కాబట్టి ధరూర్ మండల ప్రజలారా, మన ఓటు పెట్టిన చోటే పదిలంగా ఉంది. ఏడాదిన్నరగా మనం చూసిందంతా కంటి దోషం.

ఈ తీర్పు రాజ్యాంగం పుస్తకంలో వెతికితే దొరకదు. అమెరికా వాళ్ల హీరోక్లిక్స్ రూల్ బుక్కు తిరగేయాలి. 2002లో మొదలైన ఆట. గళ్ల పటం మీద బొటనవేలంత స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్. ప్రతి బొమ్మ కింద గుండ్రటి దిమ్మె, దిమ్మె లోపల తిరిగే డయల్. దెబ్బ తగిలినప్పుడల్లా డయల్‌ను టక్కుమని ఓ మెట్టు తిప్పితే వీరుడి బలం అంకెలు మారిపోతాయి. ఈ ఆట ఆడేవాళ్లు సగం సమయం ఆడరు, కదలిక గురించి వాదించుకుంటారు. ఎగిరేవాడికి గోడ అడ్డమా కాదా? పక్క గడిలో శత్రువుంటే కదలొచ్చా? నీళ్లలో దిగినవాడు అదే వేగంతో పోగలడా? ఎంత వాదించుకున్నా ఒక్క దగ్గర మాత్రం పేచీ లేదు. దిమ్మె ఏ గడిలో ఉంటే బొమ్మ ఆ గడిలో ఉన్నట్టే.

ఆ ఒక్క రూలు కూడా ఇప్పుడు హైదరాబాద్‌లో తిరగబడింది. దిమ్మె ఒక గడిలో, బొమ్మ ఇంకో గడిలో ఉండొచ్చు. బొమ్మ తనంతట తాను కాగితం రాసిచ్చేదాకా కదలనట్టే లెక్క.

ఆటలోని శక్తులన్నీ మన దగ్గర సరిగ్గా సరిపోయాయి. ‘హైపర్‌సోనిక్ స్పీడ్’ అని ఒకటుంది. ఉన్నచోటు నుంచి దూసుకెళ్లి, పని ముగించుకుని, అదే ఊపులో ఇంకో చోటికి జారుకోవడం. 2024 జూలై 6న ముఖ్యమంత్రి సమక్షంలో మన ఎమ్మెల్యే గారికి కాంగ్రెస్ కండువా. ఆ నెలాఖరుకు అసెంబ్లీలో బీఆర్‌ఎస్ నేత కేటీఆర్ గారి పక్కన ప్రత్యక్షం, సొంత గూటికి వచ్చేశారని సంబరాలు. ఆగస్టు మొదట్లో మంత్రి జూపల్లి గారు ఇంటికొచ్చి మాట్లాడేసరికి మళ్లీ చెయ్యి. నాలుగు వారాల్లో మూడు కదలికలు! సూపర్‌మ్యాన్ కూడా మధ్యలో ఓసారి ఊపిరి పీల్చుకుంటాడు.

‘షేప్ చేంజ్’ ఇంకో శక్తి. ఎదుటివాడు గురిపెట్టగానే పాచిక వేయాలి. 5 గానీ 6 గానీ పడితే ‘నువ్వు గురిపెట్టింది నన్ను కాదు’ అని తప్పుకోవచ్చు. మనవాళ్లకు పాచిక కూడా అక్కర్లేదు. పిటిషన్ రాగానే ‘నేను బీఆర్‌ఎస్’ అన్నారు, అయిపోయింది. ఇక ‘మైండ్ కంట్రోల్’. ఎదుటివాడి బొమ్మనే మన బొమ్మలా నడిపించొచ్చు. ఆటలో మాత్రం ఆ ఒక్క ఎత్తు కాగానే వదిలేయాలి. ఇక్కడ ఐదేళ్లూ నడుస్తుంది.

ఆటలో ఇంకో కట్టుబాటుంది. శత్రువు పక్క గడిలోంచి విడిపించుకుని పోవాలంటే 4, 5, 6 పడాలి, లేకపోతే కదలడానికి లేదు. మన దగ్గర దానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలని పేరు, 1985లో పెట్టారు. పార్టీని స్వచ్ఛందంగా వదిలితే పదవి పోతుంది. వదలడమంటే రాజీనామా లేఖే కానక్కర్లేదు, నడవడిక చూసి తేల్చొచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రవి నాయక్ కేసులో చెప్పింది. కానీ నడవడిక చూడాలంటే కళ్లు తెరవాలి కదా.

పులిజూదం ఆడే మా పెద్దలకు ఈ కొత్త రూలు మింగుడు పడటం లేదు. బండ మీద గీసిన పటం, 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి దూకిందా, మేకను తీసి పక్కన పెట్టాలి. ‘మింగినంక ఇంకా ఈడనే ఉందంటవేందిరా, కండ్లు కనిపిస్తలేవా?’ అని గద్దించే వాళ్లు. వాళ్లకేం తెలుసు, సాక్ష్యం కావాలి! మేక రాతపూర్వకంగా ఇవ్వాలి!

నాకైతే ఈ రూలు మా మండలానికి కూడా వర్తింపజేస్తే బాగుండుననిపిస్తోంది. రేవులపల్లి దగ్గర జూరాల గేట్లెత్తితే నీళ్లు శ్రీశైలం దారి పడతాయి. ఆ నీళ్లు రాజీనామా ఇచ్చాయా? లేదు. అయితే జూరాలలోనే ఉన్నట్టు. గుడెందొడ్డి ఎత్తిపోతల మోటార్లు ఎండాకాలమంతా తిప్పుకోవచ్చు. ముంబైకి, పుణెకు పనికెళ్లిన మా కూలీలు ఊరు వదిలినట్టు ఎవరికైనా లేఖ ఇచ్చారా? వాళ్లూ ధరూర్‌లోనే ఉన్నారు, కాకపోతే, ఎమ్మెల్యేల వాదనలాగే, ‘అభివృద్ధి కోసం’ మేస్త్రీని కలవడానికి వెళ్లారు. దశాబ్దాల పాలమూరు వలసలు ఒక్క ఉత్తర్వుతో ఖతం.

బీఆర్‌ఎస్ గులాబీ మిత్రులు మరీ కళ్లు తుడుచుకోనక్కర్లేదు. ఈ పటం గీసింది వాళ్లే. 2014లో టీడీపీ టికెట్‌పై గెలిచిన తలసాని గారిని ఆ ఏడాదే మంత్రిని చేసింది ఎవరు? 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిని ఒకే దూకుడులో మింగింది ఏ పులి? అప్పుడు సరేనని విలీనానికి ముద్ర వేసిన స్పీకర్ పోచారం గారు తర్వాత ఫిరాయింపు ఆరోపణలు ఎదుర్కొన్న పదిమందిలో ఒకరు. అంపైరే బొమ్మగా మారి బోర్డెక్కే శక్తిని ఆ అమెరికా వాళ్లు కలలో కూడా ఊహించి ఉండరు.

ఇక ఆట చాలు. 2025 వానాకాలంలో యూరియా కోసం ఊరూరా సొసైటీల ముందు చెప్పులు వరుసగా పెట్టారు. మనిషి చెట్టు నీడన కూలబడినా, చెప్పు ఉన్న చోటే అతని వంతు. పాస్‌బుక్కు జిరాక్సు, ఆధార్, వేలిముద్ర అన్నీ సరిపోతేనే ఓ బస్తా. పింఛను ముసలమ్మ వేలిగీతలు అరిగిపోయి మిషన్ పట్టకపోతే, ఆమె బతికున్నట్టు ఆమే రుజువు చేసుకోవాల్సి వచ్చేది. మా దగ్గర ఇంత సాక్ష్యం అడిగే రాజ్యానికి, ముఖ్యమంత్రి ఇంట్లో టీవీ కెమెరాల ముందు కప్పిన కండువా సాక్ష్యం కాకుండా పోయిందా? ఆ పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెబితే, గడువు దాటించి తేల్చింది ఇదా? సిగ్గనిపించడం లేదా?

పాలకపక్షం మనిషి చేతిలో ఈల పెట్టినంత కాలం ఇంతే. స్పీకర్ల చేతి నుంచి ఈ పని తీసి స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇచ్చే సంగతి ఆలోచించమని 2020లోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు చెప్పింది. ఏ పార్టీ కదిలింది? అందరికీ రేపు మింగడానికి మేకలు కావాలి మరి.

ఎమ్మెల్యే గారూ, మీకు నచ్చిన పార్టీలో ఉండండి, ఎవరూ కాదనరు. కానీ ఆ సీటు మీ సొంత ఆస్తి కాదు. వదిలేసి, ఏ గుర్తు కావాలో ఆ గుర్తుతో మళ్లీ ధరూర్‌కు రండి. మీరు ఏ గడిలో ఉన్నారో చెప్పాల్సింది స్పీకర్ కాదు, మేము.