వెనక పేజీల్లో మాటలు

నేను నాలుగో తరగతి పిల్లాడి లెక్కల నోటును. భైరవకోన గుహాలయాలున్న చంద్రశేఖరపురం మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల నాది. వాళ్ల అవ్వ నన్ను బస్టాండు దగ్గర అంగట్లో కొనిచ్చింది. అమ్మా నాన్నా బేల్దారి పనికి బెంగళూరు పోయారు. మా వైపు వాన మొహం చాటేసిన ఏడు చాలా ఇళ్ల సంగతి ఇంతే. ఇంటి దగ్గర చదివించేవాళ్లు లేని పిల్లలకు బడిలో రాసుకున్నదే ఆధారం. అందుకే నా పేజీల్లో ఏముందన్నది పెద్ద విషయమని నేననుకుంటాను.

మా నోట్లకు ముందు పేజీల మీదే అందరి చూపూ. వెనక పేజీలు రఫ్ లెక్కలకు, పెన్ను పడుతుందో లేదో గీసి చూసుకోవడానికి. మా టీచరమ్మ మాత్రం మొదట్లోనే చెప్పేసింది: "వెనక నుంచి ఇరవై పేజీలు మాటలకురా. అక్కడ లెక్కలు చెయ్యొద్దు."

ఎందుకో కంచె లెక్క దగ్గర తెలిసింది. పొడవు 40 మీటర్లు, వెడల్పు 25 మీటర్లు ఉన్న చేను చుట్టూ ఒక వరస తీగ లాగాలి, ఎంత తీగ కావాలి? మావాడు చకచకా గుణించి 1000 వేశాడు. గుణకారంలో ఒక్క అంకె తప్పు లేదు. కావలసింది మాత్రం 130 మీటర్లు. చుట్టుకొలత, వైశాల్యం రెండూ వాడికి ఒకటే అయిపోయాయి. 2020 నుంచి ఇక్కడి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పెరిమీటర్, ఏరియా కూడా తోడయ్యాయి. ఇంట్లో ఎవరూ పలకని మాటలు ఒక్క పాఠంలోనే నాలుగు. లెక్క రానివాడని ఇలాంటి పిల్లలకు పేరు పెట్టేయడం అన్యాయం. వాడికి రానిది లెక్క కాదు, మాట.

టీచరమ్మ నా వెనక పేజీని నాలుగు గళ్లుగా గీయించి నడుమ "చుట్టుకొలత" అని రాయించింది. ఒక గడిలో అర్థం, అదీ పిల్లాడి సొంత మాటల్లో. ఒకదాంట్లో లక్షణాలు, ఒకదాంట్లో ఉదాహరణ, చివరిదాంట్లో "ఇది కాదు". 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరొతీ ఫ్రేయర్, ఆమె సహచరులు రూపొందించిన పద్ధతి ఇది. రాయించే ముందు పిల్లల్ని బయటికి తీసుకుపోయి, బడి ఆవరణ అంచునే తాడు పట్టించి నడిపించింది. తిరిగొచ్చి మావాడు ఉదాహరణ గడిలో "మేకల దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప" అని రాశాడు. "ఇది కాదు" గడిలో "దొడ్డి లోపల మేకలు పడుకునే జాగా" అని రాశాడు. నాకన్నిటికంటే ఇష్టం ఆ నాలుగో గడే. ఏది కాదో చెప్పగలిగినవాడికి ఏది అవునో గట్టిగా తెలిసినట్టే. ఆ తర్వాత వాడు మళ్లీ ఆ రెండిటినీ కలిపేసుకోలేదు.

భిన్నాల పాఠంలో ఇంకో చిక్కు. "హారం" అనగానే పక్క బెంచీ పిల్ల పూలదండ బొమ్మ వేసింది. "లవం" అంటే కుశుడి తోడబుట్టినవాడే కదా అని ఇంకొకడు. టీచరమ్మ ఆ బొమ్మను కొట్టేయించలేదు. దండ కింద "ఇంట్లో హారం", పక్కనే "లెక్కలో హారం: మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో చెప్పేది" అని రాయించింది. పిల్లకు తెలిసిన అర్థం ఉన్నచోటే ఉంది, కొత్తది దాని పక్కన చేరింది.

ఆ రాత్రి మావాడు నన్ను ఒళ్లో పెట్టుకొని అడిగాడు. "అవ్వా, మానికకు ఎన్ని సోలలు?"

"రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సోలకు నాలుగు గిద్దలు. రాసుకో నాయనా."

రాసుకున్నాడు. మర్నాడు తరగతి అంతా దాని మీదే పడింది. తవ్వ అంటే మానికలో సగం. సోల పావు. గిద్ద పదహారో వంతు, అంటే మన పెద్దలు వీసమన్నది. పాఠ్యపుస్తకంలో రంగులేసిన వృత్తాలు చెప్పలేకపోయిన భిన్నాన్ని బియ్యం కొలిచే మానిక చెప్పింది. ఆ చదువురాని అవ్వ ఆ పూట నా పేజీ మీద టీచరు. టీచరమ్మ నా అట్ట లోపల ఒక పేరు కూడా రాయించింది: పావులూరి మల్లన. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. లెక్క చెప్పాలంటే ముందు దాన్ని మన మాటల్లోకి తేవాలన్న పట్టుదల ఇంత పాతది.

మార్కాపురం మా వైపుదే. దేశమంతా తెలిసిన పలకల ఊరు. మావాడి సంచిలోనూ ఒక పలక ఉండేది. పలక అంటే నాకు గౌరవం. ఎన్ని తప్పులు చేసినా తుడిచేసి మళ్లీ రాయనిస్తుంది. కానీ మాటలకు అది చాలదు. జూన్‌లో రాసిన అర్థాన్ని డిసెంబరులో తిప్పి చూసి, దాని కింద ఇంకో వాక్యం చేర్చాలంటే నిలిచి ఉండే కాగితం కావాలి. నా మొదటి మాటల పేజీలో మూడు రంగుల సిరా ఉంది. మాట పెరిగిన కొద్దీ రాసినవే అవన్నీ.

ఎండాకాలం ముందు టీచరమ్మ ఎవరి లెక్క వాళ్లే తయారు చేసి తెమ్మంది. వాడకం చూపించాల్సిన మాట "శేషం". వీధిలోకి ట్యాంకరు వచ్చిన రోజు మావాడు ఇలా రాశాడు: "ట్యాంకరులో 5000 లీటర్ల నీళ్లు. బిందెకు 20 లీటర్లు. మా వీధిలో 48 ఇళ్లు. ఇంటికి సమానంగా ఎన్ని బిందెలు?" 250 బిందెలు, ఇంటికి 5, మిగిలినవి 10. సాధారణంగా ఇక్కడ కింద గీత గీసి లెక్క ముగిస్తారు. వాడు ముగించలేదు. "శేషం 10 బిందెలు. పశువుల తొట్టిలో పోయాలి" అని రాశాడు. టీచరమ్మ దాన్ని బోర్డు మీదికి ఎక్కించి తరగతి అందరిచేతా చేయించింది.