పురుగుమందు కొట్టే డ్రోన్‌ని నేను

నాకు ఆరు చేతులు, చేతికో రెక్క, కడుపులో పదహారు లీటర్ల తొట్టి. పుట్టింది చైనాలో, ఉంటున్నది రంగూన్‌లో. నన్ను కొన్నాయన తెలుగువాడే. వాళ్ల తాత కాకినాడ దగ్గర ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడట. ఈయన వ్యవసాయ పనిముట్లు అమ్ముతాడు. పెగూ వైపు వరిచేలకు సుడిదోమ పడిందంటే మాకు కబురొచ్చేది. నిండు తొట్టితో పది నిమిషాలు ఎగిరేసరికి బ్యాటరీ అయిపోయేది. దింపి, ఇంకోటి బిగించి, మళ్లీ లేపేవాళ్లు. మోకాలి లోతు బురదలో, వీపున స్ప్రేయరు మోస్తూ, ఆ మందంతా పీల్చే బాధ రైతుకు తప్పింది. నాకు గర్వంగా ఉండేది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఇక నాలాంటిది ఇంట్లో ఉందంటేనే భయం. యజమాని నా రెక్కలు విప్పి, గోనెపట్టా చుట్టి, ఎరువుల బస్తాల వెనక దాచాడు.

కొండల్లోకి వెళ్లిన మా జాతివాళ్లు వేరే పనికి దిగారు. సైన్యంతో పోరాడేవాళ్లు వాళ్లకు తొట్టి ఊడదీసి, ఆ చోట మోర్టారు గుండ్లు తగిలించారు. 2023 అక్టోబరు 27న షాన్ రాష్ట్రంలో మూడు సాయుధ దళాలు కలిసి సైన్యం మీద దాడి మొదలుపెట్టాయి. కొండకొమ్మున శిబిరం, చుట్టూ ముళ్లకంచె, మందుపాతర్లు, ఇసుకబస్తాల గోడలు. అవన్నీ కింది నుంచి వచ్చేవాణ్ని ఆపడానికి కట్టినవి. గుండు నడినెత్తి మీద పడుతుంటే అవేం చేస్తాయి? 2024 ఆగస్టులో లాషియోలోని ఈశాన్య సైనిక కేంద్రం పడిపోయింది. ఆ స్థాయి కేంద్రం ఈ సైన్యం చేజారడం అదే మొదటిసారి. డిసెంబరులో ఆన్‌లోని పశ్చిమ కేంద్రమూ పోయింది.

అప్పటికి ఆ సైన్యం దగ్గర లేనిదేమిటి? రష్యా నుంచి సుఖోయ్-30లు, చైనా, పాకిస్తాన్ కలిసి తయారుచేసిన జేఎఫ్-17లు, మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో బాగుచేయించి 2020లో భారత్ అప్పగించిన జలాంతర్గామి. సైనిక తిరుగుబాటు తర్వాత రెండేళ్లలోనే కనీసం 100 కోట్ల డాలర్ల ఆయుధాలు, వాటి సామగ్రి దిగుమతి చేసుకున్నారని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ 2023లో లెక్కతేల్చాడు. కొండల్లో యుద్ధానికి జలాంతర్గామి ఎందుకు?

అలాగని డబ్బు ఓడిపోయిందని చెప్పను. సైన్యమూ మావాళ్లను గుంపులుగా కొంది, జామర్లు పెట్టింది. సిగ్నల్ తెగిందంటే నాకు దారి తెలియదు, ఏ చెట్టుకో కొట్టుకుంటాను. 2025లో లాషియో చైనా ఒత్తిడితో తిరిగి సైన్యం చేతికొచ్చింది. నాంగ్‌చో, చౌక్‌మే పట్టణాలను సైన్యం పోరాడి తీసుకుంది. చవక ఆయుధం ఎప్పుడూ పేదవాడి పక్షానే ఉంటుందనుకుంటే పొరపాటు. డబ్బున్నవాడు దాన్నీ ఎక్కువ కొంటాడు. కానీ ఆ విమానాలు ఈ నాలుగైదేళ్లలో దేశాన్ని గెలిచాయా? 2023 ఏప్రిల్ 11న పజీజీ గ్రామం మీద బాంబులు వేస్తే పిల్లలతో సహా 160 మందికి పైగా చనిపోయారు. సైన్యం డబ్బు చంపడానికి సరిపోయింది, పాలించడానికి చాలలేదు. కాపలాకు మనుషులే దొరక్క 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు.

నన్ను ఎగరేసే కుర్రాడికి అప్పుడు పాతికేళ్లు. ఒక రాత్రి గోడౌన్‌కి వచ్చాడు.

“మావయ్యా, నేను వెళ్తున్నా.”

“ఎక్కడికిరా?”

“థాయిలాండ్. అమ్మకి పొద్దున్న చెప్పు.”

యజమాని గల్లాపెట్టెలో ఉన్నదంతా తీసి వాడి చేతిలో పెట్టాడు. వాడు నా రిమోట్‌ని తుడిచి, బ్యాటరీ తీసి విడిగా పెట్టి వెళ్లాడు. లోపలే ఉంచితే ఉబ్బిపోతుందని వాడికి తెలుసు.

2025 మార్చి 28న మాండలే, సగైంగ్‌లను 7.7 తీవ్రత భూకంపం కూల్చేసింది. శిథిలాల కింద మనుషులుంటే జనం ఉత్తచేతులతో ఇటుకలు తీశారు. క్రేన్లు చాలలేదు. యుద్ధవిమానాలకు కొదవ లేదు, ఆ రోజుల్లోనూ బాంబులు వేశాయి. ఐరావతి మీద పాత ఆవా వంతెన కూలింది. ఆ ఒడ్డుకు పదహారు లీటర్ల మంచినీళ్లో, అంత బరువు మందులో నేను మోయగలను. యజమానికి ఆ ఆలోచన రాకపోలేదు, నా పట్టా సగం విప్పాడు కూడా. డ్రోన్ ఉందని నోరు తెరిచి అనుమతి అడగడానికి ధైర్యం చాలలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను.