రణధీర్ సారు

తెల్లవారుజామున నాలుగింటికి మా గల్లీలో గుర్రం నడిచినట్టు టక్కుటక్కుమని చప్పుడైతే భయపడనక్కర్లేదు. అది మా సైకిల్ సారు. ఆయన బూట్ల అడుగున పెడల్‌కు తగిలించుకునే బిళ్లలుంటాయి. సైకిలెక్కితే గరుత్మంతుడు, దిగి నడిస్తే బాతు. ఒంటికి అతుక్కుపోయిన పచ్చ బనీను, కూర్చునే చోట మెత్త కుట్టిన నల్ల లాగు, నెత్తిన చీలికలు చీలికల హెల్మెట్టు, వెనకాల ఎర్రగా మిణుకుమనే దీపం. ఈ అవతారం మొదటిసారి చూసిన రోజు మా పాలబ్బాయి మా లీటరు పక్కింటి గిన్నెలో పోసి పోయాడు.

ఇలాంటి సారు వరంగల్‌లో ఇప్పుడు పేటకొకరున్నారు. వయసు యాభైకి అటూ ఇటూ. ఇల్లు లేచింది, లోను తీరింది, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు, షుగరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. డాక్టరు నడవమన్నాడు. భద్రకాళి చెరువు కట్ట మీద నాలుగు రోజులు నడిస్తే తెలిసినవాళ్లంతా ఎదురై అమ్మాయి పెళ్లెప్పుడని అడిగారు. అయిదో రోజు సైకిలు కొన్నాడు. సైకిలు మీద పోయేవాణ్ని ఆపి ఎవరూ పెళ్లి సంగతి అడగరు.

దాని ధర లక్షా నలభై వేలు. ఇంట్లో చెప్పింది నలభై వేలు. స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. "గవన్నీ ఎప్పుడు పెట్టిస్తవు బిడ్డా?" అని ఎదురింటి బాపు అడిగితే, అవి లేనందుకే అంత ధర అని సారు చెప్పాడు. బరువెంతో చూడమని ఒక్క వేలితో ఎత్తి చూపించాడు. బాపు తొణకలేదు. "మన రామప్ప గుడి ఇటుకలు నీళ్లల్ల తేలుతయి. ఇది తేలుతదా?" అన్నాడు.

అంతటితో ఆగితే వట్టి సైకిల్ సారే. ఈయన పైమెట్టు మనిషి. పారిస్‌లో ఆడాక్స్ క్లబ్ అని ఒకటుంది. దాని లెక్క ప్రకారం 200 కిలోమీటర్లు 13.5 గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో తొక్కాలి. చేతిలో చిన్న కార్డు, దారిలో చెప్పిన చోటల్లా ముద్ర. వెనక బండి రాకూడదు. ఎవరి పంక్చరు వాళ్లే వేసుకోవాలి. అంతా అయ్యాక ఫస్టు, సెకండు ఉండవు. "గంత తొక్కినంక ప్రైజు గూడ లేదా?" అని అదాలత్ దగ్గర టీ కొట్టతను నిజంగానే నొచ్చుకున్నాడు. ఇలా తొక్కేవాణ్ని రాందొన్నర్ అంటారని సారు గొంతు సవరించుకుని చెప్పాడు. "రణధీరా? పేరు మంచిగున్నది" అన్నాడతను. అప్పట్నుంచి హన్మకొండలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. గంటకు 15 కిలోమీటర్ల కన్నా వేగం తగ్గితే రణధీర్ సారుకు వంశానికి మచ్చ వచ్చినట్టే.

ఊరికే తొక్కితే జనం పిచ్చి అంటారు, దేనికోసమో తొక్కితే ఉద్యమం అంటారు. ఇది కనిపెట్టడానికి ఆయనకు ఏడాది పట్టింది. ఒక ఏడు చెట్ల కోసం తొక్కాడు. మరో ఏడు ప్లాస్టిక్ వద్దని తొక్కాడు (దారి పొడుగునా ఖాళీ చేసిన నీళ్ల సీసాల సంగతి మనం ఎత్తకూడదు). మూడో ఏడు మాజీ సైనికుల మనసు మీద పడ్డాడు.

ఈసారి మాత్రం చదివాడు. ఈ జాతిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. తెలిసింది మనకు చెప్పకుండా నిద్రపోరు. అమెరికాలో 2004లో క్రిస్ కార్నీ అనే బార్ ఉద్యోగి గాయపడ్డ సైనికుల కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కాడట. అదే సోల్జర్ రైడ్ అయిందట. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ఆదిత్య మెహతా ప్రమాదంలో కాలు పోయాక ఒంటికాలితో తొక్కి, ఫౌండేషన్ పెట్టి, డ్యూటీలో అవయవాలు పోగొట్టుకున్న జవాన్లను సైకిలెక్కించాడు. 2020లో ఆయన బృందం కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో 'షెల్ షాక్' అన్న సైనికుల మనోవ్యాధికి, పీటీఎస్‌డీ అని డాక్టర్ల పుస్తకంలో పేరెక్కడానికి 1980 దాకా పట్టిందని సారు చెబుతుంటే టీ చల్లారిపోయేది. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే టెలీమానస్ నంబరు 14416 ఆయనకు సొంత ఫోన్ నంబరు కన్నా బాగా వచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైంది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, సైన్యం వాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పుణేలో ప్రత్యేకంగా ఒక విభాగం. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, నమ్మకపోతే ఇప్పుడే చేద్దామనేవాడు.

బనీన్లు అచ్చేయించాడు. యాభై. వీపు మీద పెద్దక్షరాలతో 'మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం కోసం' అని ఉండాలి. మన ఫ్లెక్సీ ప్రెస్సుల సంగతి తెలిసిందే. 'మాంసిక ఆరోగ్యం' అని వచ్చింది. కింద నంబరు. తొలి వారంలోనే ఇద్దరు ఆయన్ని ఆపి మటన్ కిలో ఎంతకిస్తారని అడిగారు. మళ్లీ అచ్చేయిద్దామంటే విరాళం డబ్బులు ముట్టనని ఒట్టు. అలాగే తొడిగాడు.

విరాళం కిలోమీటరు లెక్కన. డిసెంబర్ 7, 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు హన్మకొండ నుంచి ఉప్పల్, మళ్లీ వెనక్కి; అక్కడా ఇక్కడా చుట్టి 300 చేయడం. చౌరస్తా బట్టల సేటు కిలోమీటరుకు రెండు రూపాయలు రాసుకోమన్నాడు. మర్నాడు పిలిచి, "పట్నం పోవుడు ఎక్కుడు, ఒప్పుకుంట. పట్నం నుంచి ఇటు దిగుడే గద? దిగుడుకు సగం రేటు" అన్నాడు. సారు మండిపడ్డాడు గానీ, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, వరంగల్ 300 దరిదాపుల్లో ఉందంటే సేటు భూగోళం తప్పు కాదు. మొత్తం మీద 41,350 రూపాయలు పోగయ్యాయి. సైకిలు ధరలో మూడో వంతు కూడా రాలేదని నేననలేదు, వాళ్లావిడ అంది. ఆమెకు అసలు ధర ఎలా తెలిసిందో సారు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాడు.

జెండా ఊపడానికి ఒక మాజీ సైనికుడు కావాలి. సుబేదార్ సాబ్ దొరికాడు. నిజానికి ఆయన హవల్దారుగా రిటైరయ్యాడు. ఉండేది సుబేదారిలో కాబట్టి, సైన్యం ఇవ్వని ప్రమోషన్ మా ఊరిచ్చింది. నలభై దాటీ దాటకముందే ఇంటికొచ్చి ఒక ఏటీఎం ముందు రాత్రి కాపలా కాస్తున్నాడు. పగటి డ్యూటీ ఇస్తామన్నా వద్దంటాడని టీ కొట్టతను చెప్పాడు.

"ఈ పైసలు ఎవలకిస్తరు సారు?" అని అడిగాడు సాబ్.

"పతాక దినం నిధికి."

"మంచిదే." రెండు గుక్కలు తాగాడు. "కాలు పోయినోనికి కాలు పెట్టిస్తరు. నిద్ర పోతే ఏం పెట్టిస్తరు?"

"నిద్రపోతే ఇంకేం సాబ్, మంచిదే కదా!" అన్నాడు సారు హుషారుగా.

సాబ్ నవ్వాడు. టీ కొట్టతను నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి అర్థమై సారు గ్లాసు కింద పెట్టాడు.

డిసెంబర్ 7, ఉదయం నాలుగు. వస్తామన్నవాళ్లు ముప్పై మంది, వచ్చింది ముగ్గురు. అందులో ఇద్దరు సెల్ఫీలకు. ఏటీఎం నుంచి నేరుగా వచ్చిన సాబ్ జెండా ఊపి, "మడికొండ దాక తోడొస్త" అంటూ తన పాత అట్లాస్ ఎక్కాడు. అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడిందని సారు బయల్దేరుతూ కూడా చెప్పాడు. ఆ తర్వాత బాణంలా మాయమయ్యాడు. సర్వపిండి డబ్బా గోడ మీద మరిచిపోయాడు. అది నా చేతిలో పెట్టి వాళ్లావిడ నన్ను స్కూటీ మీద తరిమింది.

కాజీపేట దాటాక రోడ్డు పక్కన ఎర్రదీపం మిణుకుమంటోంది. పంక్చరు. సారు దగ్గర అన్నీ ఉన్నాయి: టైరు లేపే ప్లాస్టిక్ పుల్లలు, ప్యాచీలు, వేలెడంత పంపు. పంక్చరు వేయడం మీద వీడియోలు చూసిన అనుభవమూ ఉంది. టైరు మాత్రం రావడం లేదు. గడగడమంటూ అట్లాస్ వచ్చి ఆగింది.

"బయటివాళ్ల సాయం తీసుకోకూడదు సాబ్, రూలు."

"నేను బయటోణ్ని గాదు సారు, జెండా ఊపినోణ్ని."

టైరు వేళ్లతోనే లాగేశాడు. నీళ్ల తొట్టి లేదు. ట్యూబులో గాలి కొట్టించి, పెదవులకు దగ్గరగా పెట్టుకుని జానెడు జానెడు తిప్పుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. నేను ఫోన్ లైటు అక్కడికి పట్టాను. చీమ కుట్టినంత రంధ్రం. గరుకు కాయితంతో రుద్దుతూ, తల ఎత్తకుండా, "డ్యూటీ లేని నాడు గూడ రాత్రి రెండింటికి లేస్త సారు. పోస్టు మీదున్నట్టే ఉంటది. తలుపు దగ్గర నిలబడ్త. ఇంటామె ఏమనదు, అదే ఎక్కువ బాధ" అన్నాడు. రోడ్డు మీద ఒక ఇసుక లారీ పోయింది. సొల్యూషన్ ఆరేదాకా ఊదాడు. "మొన్న ఆ నంబరుకు చేసిన. తెలుగుల్నే మాట్లాడిండ్రు. మల్ల చేయమన్నరు. మీ బనీను మీద జూసే చేసిన. అక్షరం తప్పున్నా నంబరు కరెక్టే ఉన్నది."

సారు మాట్లాడలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి. డబ్బా మూత తీసి సర్వపిండి మూడు ముక్కలు చేసి, పల్లీలు ఎక్కువున్న ముక్క ఆయనకిచ్చాడు.

ఆ 300 కిలోమీటర్లకు 20 గంటల 40 నిమిషాలు పట్టింది. కార్డు లెక్కలోకి రాదు. సేటు ఎక్కుడుకు మూడు వందలు, దిగుడుకు నూటయాభై, మొత్తం 450 లెక్కబెట్టి ఇచ్చాడు. టైమ్ దాటినందుకు అందులో కూడా ఏమైనా తగ్గించొచ్చా అని అడిగాడు.

ఇప్పుడు ఆదివారాలు రెండు సైకిళ్లు పోతున్నాయి. సారు ఫోన్‌లో సగటు వేగం 11 దాటడం లేదు. ఏమైంది సారూ అని అడిగితే మడికొండ వైపు ఎదురుగాలి అంటాడు. పోయేటప్పుడూ ఎదురుగాలే, వచ్చేటప్పుడూ ఎదురుగాలే.