నెటిజన్ ఉవాచ

తెలుగు పాత్రికేయంలో ఈ రోజుల్లో అందరికంటే ఎక్కువ మాట్లాడుతున్నది ముఖ్యమంత్రీ కాదు, ప్రతిపక్ష నాయకుడూ కాదు, సంక్రాంతికి సినిమా వదిలే హీరో అంతకన్నా కాదు. ఆయన పేరు నెటిజన్. పొద్దున్నే మండిపడతాడు, మధ్యాహ్నానికి ఫిదా అవుతాడు, సాయంత్రం ఎవరినో ఓ ఆట ఆడుకుంటాడు, రాత్రికి ఎవరి ఫొటో కిందో గుండె బొమ్మలు పెట్టి పడుకుంటాడు. ఊరు లేదు, ఇంటిపేరు లేదు, మన రాష్ట్రాల్లో మరీ విడ్డూరంగా కులం కూడా లేదు. ఇంతటి నిర్గుణ నిరాకార మూర్తిని ఏ విలేకరీ కళ్లారా చూసిన దాఖలా లేదు గానీ, ఆయన సాక్ష్యం లేకుండా ఒక్క పూట వెబ్‌సైటు నడవదు. నిజానికి ఈ మాట పుట్టుక గొప్పదే. 1990ల మొదట్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన మైఖేల్ హాబెన్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి. నెట్‌లో ఉన్న ప్రతివాడూ నెటిజన్ కాడని, ఆ కొత్త ఊరి బాగుకు ఒక చెయ్యి వేసేవాడే ఆ పేరుకు తగినవాడని అతని ఉద్దేశం. మన డెస్కులు ఆ పౌరుడి బాధ్యతలన్నీ రద్దు చేసి, కోపం, మురిపెం అనే రెండు హక్కులు మాత్రం ఉంచాయి.

ఈయన్ను ఎందుకు పట్టుకున్నానంటే, ఇంటర్నెట్ గురించి మనం రోజూ వినే పెద్ద గొప్పకు చిరునామా ఈయనే. జనానికీ సమాచారానికీ మధ్య దళారులు పోయారు, ఇక అంతా సూటిగా, స్వేచ్ఛగా, జనమే విలేకరులు అన్నది ఆ గొప్ప. పోయింది దళారి కాదు. దళారిని గుమ్మం దగ్గర ఆపి "ఏమయ్యా, ఇది నిజమేనా, ఎవరు చెప్పారు, ఎంతమంది వచ్చారు" అని అడిగే మనిషి పోయాడు. పాతకాలపు పీఆర్వో ప్రెస్‌నోటు పట్టుకుని పత్రికాఫీసు మెట్లెక్కేవాడు. అక్కడ ఒక సబ్ ఎడిటర్ ఉండేవాడు. రాత్రి షిఫ్టు, చల్లారిన టీ, చేతిలో ఎర్ర పెన్ను. "అశేష జనవాహిని" అన్నచోట కొట్టేసి "వందమంది" అని రాసేవాడు. "ప్రతిష్ఠాత్మకంగా నిర్మిస్తున్న" అన్నది నిర్మాత అభిప్రాయమే గానీ వార్త కాదని తీసేసేవాడు. రెండు పేజీల నోటు మూడు వాక్యాలై లోపలి పేజీలో కింద ఓ మూల పడేది. ఇప్పుడు అదే నోటు వాట్సాప్ గ్రూపులో పడుతుంది, ఫొటోలతో, వీలుంటే హెడ్డింగుతో సహా. పది నిమిషాల్లో ఇరవై సైట్లలో ప్రత్యక్షం. హీరోయిన్ పేరులో పీఆర్వో ఒత్తు మర్చిపోతే ఇరవై సైట్లలోనూ ఆ ఒత్తు ఉండదు. తొందర మరీ ఎక్కువైతే "పై వార్తను ప్రచురించగలరని మనవి" అన్న చివరి వాక్యం కూడా వార్తలో భాగంగా అచ్చయిపోతుంది.

ఉన్నది ఉన్నట్టు దించడం ఇంటర్నెట్‌తో మొదలైందని నేననను. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయినప్పుడు, కంపెనీ తరఫున ఐవీ లీ ఇచ్చిన ప్రకటనను న్యూయార్క్ టైమ్స్ అక్షరం మార్చకుండా వేసింది. ప్రెస్‌నోటు పురాణంలో ఆదిపర్వం అదేనంటారు. అయితే అదే ఏడాది లీ పత్రికలకు తన నియమాలు కూడా రాసిచ్చాడు: మేం చేసేది చాటుమాటు పని కాదు, మేమిచ్చింది మీ ప్రకటనల విభాగానికి పోవాల్సిన సరుకని మీకు తోస్తే వేయకండి, వివరం కావాలంటే అడగండి. ఆ మనిషే 1914లో లడ్లో గని కార్మికుల సమ్మెలో రాక్‌ఫెల్లర్ల కొమ్ము కాసి, రచయిత అప్టన్ సింక్లెయిర్ చేత 'పాయిజన్ ఐవీ' అనిపించుకున్నాడు. కాబట్టి ఆయనకు హారతి పట్టనక్కర్లేదు. కానీ ఆ ప్రకటన ఎవరిచ్చారో పాఠకుడికి తెలుసు. ఇవాళ్టి కిటుకంతా ఇచ్చినవాడి పేరు మాయం చేసి, అక్కడ నెటిజన్‌ను నిలబెట్టడంలో ఉంది.

ఆ నిలబెట్టే తంతు చూడముచ్చటగా ఉంటుంది. ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి ఫలానా హ్యాష్‌ట్యాగ్ అని ముందే ముహూర్తం పెడతారు. చెప్పిన వేళకు వందలాది ఖాతాలు ఒకే వాక్యాన్ని ఒకే అచ్చుతప్పుతో పోస్టు చేస్తాయి. ట్యాగ్ ట్రెండింగ్‌లోకి వస్తుంది. వెంటనే సైట్లు "సోషల్ మీడియాను షేక్ చేస్తున్న ఫలానా, నెటిజన్ల రియాక్షన్ ఇదే" అని రాస్తాయి. ఆ వార్తల స్క్రీన్‌షాట్లను పీఆర్ సంస్థ ఒక ఫైలుగా కట్టి, ఇదిగో మనకొచ్చిన కవరేజీ అని క్లయింటుకు పంపి బిల్లు పెడుతుంది. క్లయింటు మురిసిపోయి ఆ స్క్రీన్‌షాట్లను తన ఖాతాలో పెడతాడు. దానికి మళ్లీ నెటిజన్లు ఫిదా. పెళ్లికొడుకూ తనే, పురోహితుడూ తనే, అక్షింతలు వేసే చుట్టాలూ తనవాళ్లే. ఇక సినిమా వసూళ్ల పోస్టరు సంగతి చెప్పక్కర్లేదు. మన దేశంలో టికెట్ల లెక్కను సరిచూసి ప్రకటించే అధికారిక సంస్థ ఏదీ లేదు. నిర్మాత పోస్టరు మీద వేసిందే అంకె, సైటు ఎత్తిరాసిందే రికార్డు. ఆ పోస్టరును ఆదాయపు పన్ను రిటర్నుకు జతచేసిన నిర్మాత ఉన్నట్టు మాత్రం ఇంతవరకు వినలేదు.

జీతాలు, డెస్కులు, వందేళ్ల పేరు ఉన్న పత్రికలకు ఈ జబ్బు ఉండదనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో నిక్ డేవిస్ 2008లో అచ్చేసిన 'ఫ్లాట్ ఎర్త్ న్యూస్' కోసం కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి ఐదు పెద్ద పత్రికల్లో రెండు వేలకు పైగా వార్తలు విప్పి చూశారు. అరవై శాతం పూర్తిగానో అధిక భాగమో వార్తాసంస్థల కాపీ, ప్రచార సామగ్రి. విలేకరి సొంతంగా తెచ్చినవని నికరంగా చెప్పగలిగినవి పన్నెండు శాతం. కారణం బద్ధకం కాదు. 1985తో పోలిస్తే ఒక్కో పాత్రికేయుడు నింపాల్సిన జాగా మూడింతలైంది, చేతులు మాత్రం రెండే. ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది సినీ సంగీత దర్శకుడు మోరిస్ జార్ చనిపోయినప్పుడు డబ్లిన్ విద్యార్థి ఒకడు ఆయన అననే అనని మాటను వికీపీడియాలో చేర్చి చూశాడు. గార్డియన్‌తో సహా పలు పత్రికలు ఆ మాటను నివాళి వ్యాసాల్లో పొదిగాయి. ఆ విద్యార్థి తనే లేఖలు రాసి చెబితే గానీ గుట్టు బయటపడలేదు. దొంగ తలుపు కొట్టి "అయ్యా, మీ ఇంట్లో దొంగతనం జరిగింది" అని చెప్పాల్సి వచ్చిందన్నమాట.

ఇక్కడ పాత తరంవాళ్లు కాదు, కొత్త తరంవాళ్లే లేచి ఒక ప్రశ్న వేస్తారు: ఇంటర్నెట్ లేనప్పుడు మీ పత్రికలు నిప్పులా? కావు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు పుచ్చుకుని ప్రచారాన్ని వార్తగా వేసిన బాగోతాన్ని ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘమే రాసింది. రాసిన ఇద్దరిలో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి, రెండోవారు పరంజయ్ గుహ ఠాకుర్తా. పేర్లతో ఉన్న ఆ నివేదికను కౌన్సిల్ 2010లో పక్కన పెట్టి క్లుప్తమైనది విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ పూర్తి పాఠం 2011లో బయటికి రాలేదు. ఒప్పుకుంటాను. కాకపోతే ఒక తేడా ఉంది. పెయిడ్ న్యూస్ అమ్మినవాడికి తాను అమ్ముతున్నది ఏమిటో తెలుసు, దానికో రేటుండేది. ఇప్పుడు అదే సరుకును సైట్లు పోటీలు పడి ఊరికే మోస్తున్నాయి. శీలం అమ్ముకునే దశ దాటి పంచిపెట్టే దశకు చేరాం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఫోనున్న ప్రతివాడూ అన్యాయాన్ని బయటపెట్టగలుగుతున్నాడు, పెద్ద పత్రికలు దాచిన సంగతులు చిన్నవాళ్లు చెబుతున్నారు, అది కాదంటారా? ఎలా అంటాను? హైదరాబాద్‌లోనే 'ఫ్యాక్ట్‌లీ' వంటి సంస్థ ప్రభుత్వ లెక్కలు తవ్వి, తిరుగుతున్న అబద్ధాలను తెలుగులోనే విప్పి చెబుతోంది. పాత ఫొటోను కొత్త ఘటనగా చూపిస్తే రెండు నిమిషాల్లో పట్టుకునే పనిముట్టు ప్రతి డెస్కు ముందూ ఉంది. అభ్యర్థుల అఫిడవిట్లు, కాగ్ నివేదికలు, కోర్టు తీర్పులు, టెండరు కాగితాలు ఒకప్పుడు గుమాస్తాను బతిమాలితే గానీ దొరికేవి కావు, ఇప్పుడు కుర్చీ దిగకుండా దొరుకుతాయి. విలేకరి చేతికి చరిత్రలో ఎన్నడూ ఇంత సామగ్రి అందలేదు. ఆ చేత్తో మనం చేస్తున్నది ఎయిర్‌పోర్టులో హీరోయిన్ కళ్లజోడు తీసిందా లేదా అని ఇన్‌స్టాగ్రామ్ తిరగేయడం. కాబట్టి నా తగాదా ఇంటర్నెట్‌తో కాదు. పుస్తకాల గిడ్డంగి తాళంచెవి ఇస్తే దాంతో వీపు గోక్కుంటున్నవాడితో.

జనం అదే చూస్తున్నారు, మేమేం చేస్తాం, క్లిక్కులే చెబుతున్నాయి కదా అన్నది ఆఖరి రక్షణ. ఆ క్లిక్కు ఎలా వచ్చిందో చూడండి. శీర్షిక పని వార్త చెప్పడం. ఇప్పుడు దాచడం. "ఆ స్టార్ హీరో ఇంట విషాదం... అసలేం జరిగిందంటే?" అని ఉంటుంది. గాభరాపడి నొక్కితే ఆరు ప్రకటనలు దాటాక ఆయన పెంపుడు కుక్క పోయిందని తేలుతుంది. రోడ్డు మధ్య గుంత తవ్వి, పడ్డవాళ్లను లెక్కపెట్టి, గుంతకు జనాదరణ అమోఘంగా ఉందని కాంట్రాక్టరు చెబితే మున్సిపాలిటీ కూడా నమ్మదు. ప్రకటనదారులు నమ్ముతున్నారు, అదే వింత. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో పత్రిక నడిపారు. ఇప్పుడు శీర్షికలతో తలనొప్పి తెప్పించి, పక్కనే మందు ప్రకటన వేసుకుని బతుకుతున్నాం.

చట్టం చేసిన చిత్రం ఒకటుంది. డబ్బో కానుకో తీసుకుని ఫేస్‌క్రీము గురించి రీలు చేసే అమ్మాయి దాని మీద 'ప్రకటన' అని రాయాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ నియమాలు పెట్టాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. అదే క్రీము కంపెనీ ప్రెస్‌నోటును 'బ్యూటీ సీక్రెట్, నెటిజన్లు షాక్' అని వేసిన సైటు మీద మాత్రం అది వార్త. రీలు చేసే పిల్ల ఈ లెక్కన పత్రికా రంగంలో కెల్లా పారదర్శకమైన మనిషి. అందుకే డెస్కుల్లో మిగిలిన కొద్దిమంది సబ్ ఎడిటర్లకు ఒక విన్నపం. వాట్సాప్‌లో వచ్చిన నోటును ఎలాగూ మార్చే తీరిక మీకు లేదు. కాపీ చేసేటప్పుడు పొరపాటున కూడా కింది దాకా రాకుండా ఆగిపోకండి. "పై వార్తను ప్రచురించగలరని మనవి" అన్న ఆ ఒక్క వాక్యాన్నీ అలాగే ఉంచేయండి.