అడుగు స్టిక్కరుకు టీక

మూలము: "వాడుకరి బాగుచేయదగిన భాగములు లోపల లేవు."

అవతారిక: జంషెడ్‌పూర్ సాక్చి బజారులో మీటర్లు బాగుచేసే తెలుగు పెద్దాయన ఒకరు, తెర వెలగని కొత్త ఆసిలోస్కోపు అడుగున ఇంగ్లీషులో ఉన్న ఈ వాక్యాన్ని తెనిగించి, పెన్సిలుతో రాసి గోడకు అంటించిరి. మూలకవి అజ్ఞాతుడు.

ప్రతిపదార్థము: వాడుకరి = డబ్బు కట్టినవాడు; బాగుచేయన్ తగిన = (తగునో తగదో కంపెనీ చెప్పవలెను); భాగములు = కెపాసిటర్లు, ఫ్యూజు, ఫ్యాను; లోపల = మూత కింద; లేవు = ఉన్నవి. 'లేవు' అనగా 'ఉన్నవి' యెట్లన, మూత విప్పి చూచితిమి గనుక. ముఖ్యార్థము బాధితమైనచోట లక్షణ గ్రాహ్యము.

యతి: రెండవ స్క్రూ మీది సీలు. చింపిన యతిభంగము, వారంటీ భంగము ఏకకాలమున సంభవించును.

విశేషము: సాక్చి 1919లో జంషెడ్‌పూర్ అయినది, పేరే మారినది, ఊరు అదే. ఆసిలోస్కోపుకు పేరదే, లోపలిదే మారినది. వాల్వుల కాలపు టెక్‌ట్రానిక్స్ కంపెనీ ఆసిలోస్కోపులలో భాగములను పింగాణీ పట్టీలకు అతికించెడివారు. మామూలు టంకము పట్టీమీది వెండిని లాగివేయును గనుక, వెండి కలిసిన టంకపు చుట్ట నొకదానిని పెట్టె లోపలనే వేలాడదీసి పంపిరి. ఎవరికొరకు? రాబోవు రిపేరువాని కొరకు! ఆ కంపెనీదే 1972 నాటి 465 మోడలు సర్వీసు పుస్తకమున సర్క్యూటు బొమ్మలే కాదు, అది పనిచేయు తీరు కూడ కలదు. ఇప్పటి పుస్తకములు పలువాటిలో బొమ్మ లేదు. బోర్డు మొత్తము మార్చుమని మాత్రము కలదు. పొమ్మనలేక పొగబెట్టుట యిదియే.

పూర్వపక్షము: గిగాహెర్ట్జ్ వేగమున చిప్పు కాళ్లు దాని కడుపు కిందనే యుండును, చేతి సోల్డరింగ్ ఐరన్ ఏమి చేయును?

సమాధానము: నిజమే. 1980ల 2465 మోడలులోనే యు800 అను సొంత చిప్పు పోయిన అంగట దొరకదు. కలి నిన్న ప్రవేశించినది కాదు. అయినను మా బల్ల మీదికి వచ్చువాటిలో చాలావరకు పవర్ సప్లయి జబ్బే. ఉబ్బిన కెపాసిటరుకు గిగాహెర్ట్జ్‌తో ఏమి పని?

పాఠాంతరము: గోడ కాగితమున పెన్సిలు చెరిగి ప, వ లకు భేదము తెలియకున్నది. 'లేవు' కాదు, 'లేపు' అని పెద్దాయన చదువును. "మూత లేపు బాబూ, ఆ స్క్రూడ్రైవరిలా అందుకో."